హోరాశబ్దవిచారము – జాతకవిద్యాచరిత్రము

బృహజ్జాతకము పాఠము చెప్పు పాఠశాలలలో విద్యార్థి మొట్టమొదట వినునది హోరాశబ్దముయొక్క వ్యుత్పత్తి. అహోరాత్రశబ్దమునందు మొదటి యకారమును గడపటి ‘త్ర’ యను నక్షరమును లోపింపఁగా ‘హోరా’ యని మిగిలినదని గురువు చెప్పును, శిష్యుఁడు వల్లించును, పాఠము ముందునకు సాగును. ఇట్లు తరతరములుగా సాగుచున్న యీ పాఠమున రెండు ప్రశ్నలు మాత్ర మడుగఁబడుట లేదు. ఈ లోపము వ్యాకరణమునకు సమ్మతమా యనునది మొదటిది. ఆ శబ్దము పేరుగాఁ గల విద్య, అనఁగా నొక్కొక్క మనుష్యుని జన్మలగ్నమును బట్టి వాని యాయుర్భాగ్యములను నిర్ణయించు జాతకవిద్య, యెక్కడఁ బుట్టి యెట్లు మన దేశమునఁ బ్రతిష్ఠ గాంచినది యనునది రెండవది. ఈ ప్రశ్నలు వేఱువేఱుగాఁ దోఁచినను, మొదటిదానికి సరియైన యుత్తరము దొరకినచో రెండవదానికిని దారి దొరకును.

జ్యోతిశ్శాస్త్రము స్కంధత్రయాత్మకము. గణితస్కంధము గ్రహగతులను లెక్కించును. సంహితాస్కంధము వర్షము, సస్యము, ఉత్పాతములు, రాజ్యక్షేమము మున్నగు లోకసామాన్యములగు ఫలములను జెప్పును. హోరాస్కంధ మొక వ్యక్తి జన్మకాలమును బట్టి యా వ్యక్తి ఫలమునే చెప్పును. ఈ మూటికిని చరిత్ర యొక్కటియే యని తలంచుటవలనఁ బెక్కు భ్రాంతులు గలిగినవి. ‘జ్యోతిషము వేదాంగము, జాతకము జ్యోతిషము, కావున జాతకము వేదాంగము’ అని కొందఱ వాదము. ఇందు జ్యోతిషశబ్దము మొదటి వాక్యమున నొక యర్థమునను, రెండవ వాక్యమున వేఱొక యర్థమునను బ్రయోగింపఁబడినది. నైయాయికులు దీనినే వాక్ఛలమందురు.

వేదాంగమని నిజముగాఁ జెప్పఁదగిన గ్రంథము లగధప్రోక్తమగు వేదాంగజ్యోతిషము. ఋగ్వేదపాఠమున నిది 36 శ్లోకముల చిన్న గ్రంథము. యాజుషపాఠము దానికంటెఁ గొంచెము పెద్దది. యజ్ఞములకుఁ దగిన కాలమును దెలిసికొనుటయే దీని ప్రయోజనము. అయిదు సంవత్సరముల యుగము, సూర్యచంద్రుల గతి, 27 నక్షత్రములు, తిథులు, అయనములు, దినమునకు 30 ముహూర్తములు, 60 నాడికలు: ఇవియే యిందలి విషయములు. మేషాదిరాశుల పేళ్లు లేవు. వారములు లేవు. కుజాదిగ్రహముల గతి లేదు. పుట్టినవాని ఫలము చెప్పు ప్రక్రియ యసలే లేదు.

అట్లని ప్రాచీనులు తమ భాగ్యమును గుఱించి ప్రశ్నింపలేదని కాదు. ఇందుకు వ్యాకరణమే సాక్షి. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమందలి 39వ సూత్రము రాధ్, ఈక్ష్ ధాతువుల ప్రయోగమున, ఎవని విషయమై శుభాశుభప్రశ్న జరుగునో వానికి సంప్రదానసంజ్ఞను విధించుచున్నది. నైమిత్తికుఁడు దేవదత్తుని దైవమును విచారించుటయే యిచటి యర్థమని కాశిక వివరించినది. తృతీయాధ్యాయ ద్వితీయపాదమున 52, 53 సూత్రములు జాయాఘ్న, పతిఘ్నీ యను రూపములను సాధించుచున్నవి. భార్యకుఁ గీడు సూచించు పుట్టుమచ్చయు, భర్తకుఁ గీడు సూచించు హస్తరేఖయు నందుల కుదాహరణములు. చతుర్థాధ్యాయ తృతీయపాదమున 34వ సూత్రము శ్రవిష్ఠాదినక్షత్రములందుఁ బుట్టినవారికి నక్షత్రనామములే పేళ్లగు విధమును దెలుపుచున్నది. అనఁగాఁ బాణినికాలమునాఁటికే నిమిత్తము, శరీరలక్షణము, జన్మనక్షత్రము అను మూఁడు మార్గములు లోకమునఁ గలవు. లగ్నముగాని, రాశిగాని, గ్రహస్థితిగాని యీ సూత్రములందుఁ గానరాదు. తరువాత నశ్వఘోషుఁడు బుద్ధచరితమున సిద్ధార్థుని జననమును వర్ణించినపుడును బుష్యనక్షత్రమును జెప్పెనే కాని లగ్నమును జెప్పలేదు; అసితమహర్షి శిశువునందుఁ జూచినవి శరీరలక్షణములే.

ఇఁక జాతకవిద్యయొక్క మూలమునకుఁ బోవుదము. యూఫ్రటీసు, టైగ్రిసు నదుల నడుమనున్న బాబిలోను దేశమున నాకాశనిమిత్తములను గనిపెట్టి వ్రాసియుంచు నాచారము మిక్కిలి ప్రాచీనము. ‘ఎనూమ అను ఎన్‌లిల్’ అను పేర సుమారు 70 మృత్ఫలకములుగాఁ గూర్పఁబడిన యచ్చటి గ్రంథము గ్రహణములు, గ్రహదర్శనములు మున్నగువానివలన రాజునకును దేశమునకును గలుగు ఫలములఁ జెప్పును. ఇది మన సంహితాస్కంధమువంటిది; ఇందు సామాన్యజనుని జాతకము లేదు. క్రీస్తునకు పూర్వ మైదవ శతాబ్దమున రాశిచక్రము 12 సమభాగములుగా విభజింపఁబడినది. పిదప శిశువు పుట్టినదినమున సూర్యచంద్రులును దక్కిన యైదు గ్రహములును ఏ రాశులందున్నవో ఫలకములపై వ్రాయసాగిరి. ఇప్పటికిఁ దెలిసినంతలో నిట్టివానిలోఁ బ్రాచీనతమములు క్రీస్తునకు పూర్వము 410వ సంవత్సరమునకుఁ జెందినవి. ఐనను వానియందు లగ్నము లేదు.

లగ్నమునకుఁ బ్రాధాన్యము గలిగినది యవనుల చేతిలో. అలెగ్జాండరు దండయాత్రలకుఁ బిమ్మట నైగుప్తుదేశమున గ్రీకుభాషాపండితులు బాబిలోనువారి రాశులను, ఐగుప్తుల దశాంశవిభాగములను జేర్చి, జన్మకాలమునఁ దూర్పు క్షితిజమునందుదయించు రాశిని బట్టి 12 భావములను గల్పించిరి. ఆ యుదయబిందువునకు వారు పెట్టిన పేరు ‘హోరోస్కోపోస్’; హోరను, అనఁగా వేళను, గనుఁగొనునది యని దాని యర్థము. మొదట లగ్నమునకే పేరైన యీ శబ్దము కాలక్రమమునఁ బాశ్చాత్యభాషలలో జాతకచక్రమునకంతటికిని బేరైనది. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టోలెమీ, వెత్తియుస్ వాలెన్సు అనువారు రచించిన గ్రంథములందీ విద్య ప్రౌఢరూపమునఁ గనఁబడును. కాఁబట్టి యవనులును దీని కేకైకజనకులు కారు. వారును బూర్వులయొద్దఁ గైకొని పెంచినవారే.

ఈ విద్య మన దేశమునకు వచ్చుటకుఁ బశ్చిమసముద్రతీరపు వర్తకమును, ఆ ప్రాంతమున స్థిరపడిన యవనుల సంపర్కమును దోడ్పడినవి. సంస్కృతమునఁ దొలినాఁటి జాతకగ్రంథములలో ముఖ్యమైనది స్ఫుజిధ్వజుని యవనజాతకము. నేపాళమునఁ దాళపత్రప్రతిగా రక్షింపఁబడిన దీనిని డేవిడ్ పింగ్రీ 1978లో ముద్రించి, క్రీస్తుశకము 269-270 రచనాకాలమని నిర్ణయించెను. 2013లో బిల్ మాక్ వేఱొక ప్రతిని బరిశీలించి, కాలసూచకమగు శ్లోకమును బింగ్రీ చదివిన రీతి సరిగాదని చూపెను. కావున నా సంవత్సరమును సిద్ధాంతముగాఁ జెప్పరాదు. గ్రంథనామమునందలి యవనశబ్దము మాత్రము వివాదాతీతము.

ఆఱవ శతాబ్దమునఁ బ్రసిద్ధుఁడైన వరాహమిహిరుఁడు తన పంచసిద్ధాంతికలో శకవర్షము 427ను, అనఁగాఁ గ్రీస్తుశకము 505ను గణితారంభముగాఁ గైకొనెను. బృహజ్జాతకమున నాయుర్దాయప్రకరణమందు మయ, మణిత్థాదులతోఁబాటు యవనులను బూర్వాచార్యులుగాఁ బేర్కొనెను. బృహత్సంహితయందు సాంవత్సరసూత్రాధ్యాయమున, యవనులు మ్లేచ్ఛులేయైనను ఈ శాస్త్రము వారియందుఁ జక్కఁగా నెలకొనియున్నది కావున వారును ఋషులవలెఁ బూజింపఁబడుచున్నారనెడి భావము చెప్పఁబడినది. ఆచార్యుఁ డిట్లు ఋణమును బహిరంగముగా నొప్పికొనఁగాఁ దరువాతివారు దానిని మఱుఁగుపఱుచుట యాచార్యభక్తి కాదు.

ఇప్పుడు శబ్దములను జూతము. బృహజ్జాతకము ప్రథమాధ్యాయమున రాశులకు మేషాదినామములు గాక వేఱు పేళ్లు చెప్పఁబడినవి. క్రియము, తావురి, జితుమము, లేయము, పాథోనము, జూకము, కౌర్ప్యము, తౌక్షికము, ఆకోకేరము, హృద్రోగము అనునవి యందుఁ గలవు. గ్రీకుభాషలో మేషమునకుఁ గ్రియోస్, వృషభమునకుఁ దౌరోస్, మిథునమునకు దిదుమోయ్, సింహమునకు లేయోన్, కన్యకుఁ బార్థెనోస్, వృశ్చికమునకు స్కోర్పియోస్, ధనుస్సునకుఁ దొక్సోతేస్, మకరమునకు ఐగోకెరోస్, కుంభమునకు హుద్రొఖోఓస్ పేళ్లు. కుంభరాశికి హృద్రోగమని పేరు వచ్చుట కర్థముచేఁ గారణము చెప్పఁజాలము, ధ్వనిచేఁ జెప్పఁగలము. మీనమునకుఁ జెప్పిన ‘ఇత్థమ్’ అనునది పేరా, ‘ఈ విధముగా’ నను నవ్యయమా యను వివాదము కలదు. గ్రీకున మత్స్యమునకు ‘ఇఖ్థుస్’ అని పేరుండుటచే నా సందేహము పుట్టినది.

భావసంజ్ఞలు నిట్టివే. 1, 4, 7, 10 స్థానములు కేంద్రములు, గ్రీకున ‘కెంత్రోన్’. 2, 5, 8, 11 పణఫరములు, ‘ఎపనఫోరా’. 3, 6, 9, 12 ఆపోక్లిమములు, ‘అపోక్లిమా’. నాల్గవది హిబుకము, భూమిక్రింది భాగమను నర్థమున ‘హుపోగేయోన్’. పదియవది మేషూరణము, నడిమింటి భాగమను నర్థమున ‘మెసూరనేమా’. రాశిలో మూఁడవవంతు ద్రేక్కాణము. పది భాగల కధిపతియను నర్థమున ‘దెకనోస్’. భాగలో 60వ వంతు లిప్త, ‘లెప్తోన్’. ఏడవది జామిత్రము, ఎదుటిదిక్కును దెలుపు ‘దియామెత్రోన్’. సప్తమము కళత్రస్థానము గనుక జామిత్రమును జాయాశబ్దముతో ముడివెట్టఁ గోరిక కలుగును. కాని మేషూరణమునకు మేషముతోడను, పణఫరమునకు ఫణముతోడను నట్టి ముడి వేసినచో నర్థము కుదురదు.

ఈ సందర్భమున హోరాశబ్దము మరల విచారింపఁదగినది. మొదట గమనింపవలసినది, అహోరాత్రవ్యుత్పత్తిని వరాహమిహిరుఁడు స్వమతముగాఁ జెప్పలేదు; కొందఱిట్లు కోరుదురని పరమతముగాఁ జెప్పెను. పాఠశాలలలో ‘కొందఱు’ అను పదము జాఱిపోయి, వికల్పము సిద్ధాంతమైనది. రెండవది, అహోరాత్రశబ్దము ద్వంద్వసమాసమున సమాసాంతప్రత్యయముఁ బొంది పుంలింగమైనది, హోరాశబ్దము స్త్రీలింగము. ఆదియందు నంతమందు నక్షరములు పోవుటకు నిమిత్తముగాని, లింగము మాఱుటకుఁ గారణముగాని చెప్పు సూత్రము లేదు. నిరుక్తమున నాదిలోపాంతలోపము లున్నవికదా, పృషోదరాదిగణమునఁ జేర్చి సాధింపరాదా యని శంక. ఒక్క శబ్దమైనచో నట్లే సాధింపవచ్చును. కాని కేంద్రము, పణఫరము, ఆపోక్లిమము, హిబుకము, ద్రేక్కాణము, తావురి, జితుమము, ఇవన్నియు నొక్క శాస్త్రమునందే చేరి, అన్నియుఁ బృషోదరాదులేయై, అన్నియు నవే యర్థములలో నొక్క యవనభాషయందుఁ గానవచ్చుట కాకతాళీయమనరాదు. గ్రీకున ‘హోరా’ యనునది స్త్రీలింగమే. వేళ యని, దినమున 24వ భాగమని యర్థము.

అర్థమును నిట్లే పలుకుచున్నది. వైదికకాలమానమున దినమునకు 30 ముహూర్తములు, 60 ఘటికలు; 24 సంఖ్య యచ్చట లేదు. దివారాత్రములను 24 భాగములు చేసినవారైగుప్తులు. ఆ మానమును యవనులు గైకొనిరి. మన వారక్రమము దానిపైననే నిలిచినది. శని, గురుఁడు, కుజుఁడు, రవి, శుక్రుఁడు, బుధుఁడు, చంద్రుఁడు అను క్రమమున హోరలకధిపతులను లెక్కింపవలయును. శనివారమున మొదటి హోర శనిది. 24 హోరలలో నేడేసి చొప్పున మూఁడావృత్తులు పోఁగా మూఁడు మిగులును. వానికి శని గురు కుజు లధిపతులు. కావున 25వ హోర, అనఁగా మఱునాఁటి మొదటి హోర, రవిది. ఆ దినము రవివారము. రవి మొదలుగా నట్లే లెక్కింపఁగా మఱునాఁడు చంద్రునిది. 60 ఘటికలతో నేడేసిగా లెక్కించినచో నీ క్రమము రాదు. మన దేశమున వారముతోఁగూడి కాలము నిర్ణీతమైన శాసనములలో మొదటిదిగాఁ జెప్పఁబడునది ఏరణ్‌స్తంభముపై నున్న బుధగుప్తుని శాసనము. అది గుప్తసంవత్సరము 165, అనఁగాఁ గ్రీస్తుశకము 484, గురువారము నాఁటిది.

అన్యభాషాశబ్దమునకు సంస్కృతధాతువుచే నర్థము గల్పించుట శిష్టసమ్మతమా? ఈ ప్రశ్నకు మీమాంసకులు పూర్వమే నిర్ణయము చెప్పిరి. పిక, నేమ, తామరసాదిశబ్దముల యర్థ మార్యులందుఁ బ్రసిద్ధము కానపుడు మ్లేచ్ఛప్రసిద్ధిచేతనే గ్రహింపవలయునా, నిగమనిరుక్తవ్యాకరణములచేఁ గల్పింపవలయునా యని శబరస్వామి విచారించి, మ్లేచ్ఛప్రసిద్ధియే గ్రాహ్యమని సిద్ధాంతీకరించెను. కుమారిలభట్టు తంత్రవార్తికమున నీ సందర్భముననే ద్రావిడాదిభాషల హలంతపదములకు స్వరములు చేర్చి సంస్కృతార్థములు గల్పించువారి స్వచ్ఛందకల్పనమును బరిహసించి, ద్రావిడభాష విషయమున నిట్లు చేయువారు పారసీక, బర్బర, యవన, రౌమకభాషల విషయమున నింకేమి చేయుదురో యనెను. యవనభాషను బేరెత్తి చేసిన హెచ్చరిక యిది. హోరాశబ్దమునుండి యాద్యంతములను గోయువారు దీనిని మఱువరాదు. తెలుఁగు లాక్షణికులు నన్యదేశ్యమను విభాగమునే కల్పించి యిట్టి చిక్కును దొలఁగించుకొనిరి. కుర్చీ, కాగితము మున్నగువాని కెవ్వరును సంస్కృతధాతువును వెదకరు. అందుచే భాషకు లోపమును గలుగలేదు.

పరదేశమునుండి వచ్చిన విద్య పరాయిదిగానే యుండిపోలేదు. కాళిదాసు కుమారసంభవ సప్తమసర్గారంభమున గౌరీవివాహతిథిని వర్ణించుచు జామిత్రశబ్దమును సంకోచము లేక ప్రయోగించెను. మెదకుప్రాంతపుఁ గొలిచెలమ గ్రామము పేర వంశనామము వహించిన కోలాచల మల్లినాథసూరి దానిని లగ్నమునుండి సప్తమస్థానమని వ్యాఖ్యానించెను. రఘువంశమున రఘుజననమందు నైదు గ్రహము లుచ్చస్థములైనవి. వాల్మీకిరామాయణపు లోకప్రసిద్ధపాఠమున శ్రీరామునకు నట్టి గ్రహస్థితియే చెప్పఁబడినది. కాని ప్రాచీనప్రతులను బోల్చి బరోడాలోఁ బ్రకటించిన బాలకాండ సంశోధితపాఠమున నా శ్లోకములు మూలమునఁ జేరలేదు. జాతకమునకు లోకమున గౌరవము కలిగినపిమ్మటఁ బురాణపురుషులకును జాతకములు గల్పింపఁబడెనని దీనివలన నూహింపవచ్చును.

భారతీయులు దానిని స్వీకరించుటతోఁ దనియక పెంచిరి. నేఁటి తెలుఁగువారి జన్మపత్రికను బంక్తిపంక్తిగాఁ జదివినచో నీ చరిత్ర యంతయుఁ గనఁబడును. మాసము, పక్షము, తిథి, నక్షత్రము, ఘడియలు: ఇవి వేదాంగపరంపరలోనివి. వారము, రాశి, లగ్నము, భావములు, ద్రేక్కాణము: ఇవి యవనపరంపరలోనివి. నక్షత్రపాదమును బట్టి పెట్టు నామాక్షరమును, చంద్రనక్షత్రమును బట్టి లెక్కించు వింశోత్తరీదశయు దేశీయములు. తొమ్మిది గ్రహములకు 120 సంవత్సరములను బంచియిచ్చు నా దశాక్రమము యవనగ్రంథములందు లేదు. రాహుకేతువులను గ్రహములలోఁ జేర్చి నవగ్రహములనుటయు మనవారి సంప్రదాయమే. ఇట్లు రెండు నదులొక్క పత్రమునఁ గలిసినవి. సంకోచించువానిని జూచి ‘మీనమేషములు లెక్కించుచున్నాఁడు’ అనునంతగా రాశులు తెలుఁగువారి నాలుకపై నిలిచినవి.

ఈ కథ యొక్కసారితో ముగియలేదు. మధ్యకాలమున నరబ్బులనుండి వర్షఫలవిద్య తాజికమను పేర వచ్చినది. 1587లో నీలకంఠుఁడు రచించిన తాజికనీలకంఠియందు ఇత్థశాలము, ఈసరాఫము, ముంథహ మున్నగు నరబ్బీశబ్దములు సంస్కృతవిభక్తులను దాల్చి నిలిచినవి. వీనికి ధాతువులను వెదకవలెనని యెవ్వరికిని దోఁపలేదు. తాజికమని పేరే మూలమును జెప్పుచున్నది. తాజికమున కొప్పిన న్యాయము హోరకేల యొప్పరాదు?

జాతకఫలములు సత్యములా కావా యను విచారము వేఱు. దానికిఁ బ్రమాణము పరీక్ష, శబ్దచరిత్రము కాదు. వేదమూలకమని చెప్పినంతమాత్రమున ఫలము సిద్ధింపదు. యవనమూలకమని చెప్పినంతమాత్రమున ఫలము బాధింపఁబడదు. కాని లేని వేదమూలత్వమును గల్పించుటచే రెండు హానులు కలుగుచున్నవి. నిజముగా వేదాంగమైన లగధుని గణితము మఱుఁగుపడిపోవుచున్నది. యవనులను ఋషులతోఁ బోల్చుటకు వెనుదీయని ప్రాచీనుల విశాలబుద్ధియు మఱుఁగుపడిపోవుచున్నది. మొదటి పాఠముననే యసాధువగు వ్యుత్పత్తిని సాధువని నేర్చిన విద్యార్థి, తరువాత యథార్థమును దెలిసికొన్ననాఁడు గురూపదిష్టమగు సాధువునందును విశ్వాసమును గోల్పోవును. కావున హోరాపాఠమారంభించు నుపాధ్యాయుఁడు, ‘కొందఱిట్లు కోరుదురు’ అని యాచార్యుఁడన్న యా ‘కొందఱు’ అను మాటను విడువక చెప్పి, ఆపైఁ బికనేమాధికరణమును స్మరింపఁజేసినఁ జాలును. శాస్త్రమునకు దానివలన న్యూనత లేదు. విజ్ఞులు విచారింతురుగాక.